పలకని అక్షరం

చుట్టుపక్కల దీవుల్లో ఏ రాయి పేరైనా సున్వాని నిద్రలో లేపి అడిగినా చెబుతుందని రేవు ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు. అంత లేదు. ఆమె పోగేసినవి నాలుగువేల మూడువందల పేర్లు. అందులో సగానికి పైగా ఎదురు దీవిలో గొర్రెలు కాచే యాల్గ్రిమ్ చెప్పినవే.

సున్వా పనిచేసేది గాలింపు కేంద్రంలో. కొండ మీద మనిషి జారిపడినా, కొండచరియ కింద పడవ ఇరుక్కున్నా ఫోను అక్కడికే వస్తుంది. ఫోను చేసేవాళ్ళు అక్షాంశాలు చెప్పరు కదా. "విధవరాలి అరుగు కింద ఉన్నాం," అంటారు. "గుడ్డి గొర్రె గుంట దాటాక," అంటారు. పటంలో వెతికితే ఆ పేర్లు ఒక్కటీ ఉండవు. అట్లాంటిక్‌లో, డెన్మార్క్ కింద ఉండే ఫారో దీవుల్లో పేర్లన్నీ మనుషుల నోళ్ళల్లోనే ఉండేవి, ఆ మనుషులేమో ఒక్కొక్కరే పోతున్నారు. ఎవరూ చెప్పకుండానే సున్వా పన్నెండేళ్ళ క్రితం ఆ పని నెత్తికెత్తుకుంది. ఆదివారం ప్రార్థన కాగానే పడవెక్కి యాల్గ్రిమ్ వంటింట్లో నోటుపుస్తకం తెరిచి కూర్చునేది. ఆయన గాలికి ఆరబెట్టిన గొర్రెమాంసం జేబుకత్తితో పలచగా కోస్తూ, ముక్క ఆమె ముందుకి తోస్తూ, ఒక్కో పేరూ చెప్పేవాడు.

"మొన్న దీన్ని వాగుకి అవతల అన్నావు మామా."

"మొన్న నువ్వు సరిగ్గా వినలేదు."

"విన్నాను. రాసుకున్నాను కూడా. ఇదిగో."

"అయితే సరిగ్గా రాసుకోలేదు. లే, బూట్లు వేసుకో, చూపిస్తాను."

డెబ్బై ఆరేళ్ళ మనిషి ముందు నడుస్తుంటే నలభై ఏడేళ్ళ ఆడది వెనక రొప్పుకుంటూ ఎక్కేది. పైకి వెళ్ళాక తెలిసేది, తప్పు ఆయనదేనని. ఒప్పుకునేవాడు కాదు. "వాగే పక్కకి జరిగింది," అనేవాడు.

అట్టముక్కల మీద మొదలైన ఆ పేర్లు తరవాత కంప్యూటర్లోకి ఎక్కాయి. అది డెన్మార్క్ వాళ్ళ ప్రోగ్రాం. ఫారో భాషలో ఒక అక్షరం ఉంది. రాస్తారు, పలకరు. మన పాత పుస్తకాల్లో అరసున్న లాంటిది. అయితే అరసున్న పోయినా మనకి పెద్ద నష్టం రాలేదు, అక్కడ ఆ అక్షరం తీసేస్తే మాటే మారిపోతుంది. డేనిష్ ప్రోగ్రాంకి అది తెలియదు కనక ఇన్నేళ్ళూ దాని స్థానంలో మామూలు 'ద' కొట్టి నెట్టుకొచ్చారు.

తొంభై తొమ్మిదిలో డబ్బు మంజూరైంది. అచ్చంగా ఫారో భాషలో తయారైన ప్రోగ్రాం వస్తుందన్నారు. మీటలు, హెచ్చరికలు, అక్షరాలు, అన్నీ సొంత భాషలో. అందులో ఎక్కించడానికి పేర్లన్నీ సరైన అక్షరంతో సున్వా మళ్ళీ రాసింది. కేంద్రం డైరెక్టరు మార్నర్ సున్వాకి వేలువిడిచిన అన్న. పత్రికవాళ్ళని పిలిచి, కంప్యూటర్ పక్కన నిలబడి ఫొటో దిగాడు. ప్రోగ్రాం ఇంకా అందులోకి ఎక్కకముందే.

ఎక్కించడానికి కోపెన్‌హాగన్ కంపెనీ నుంచి ప్రెబెన్ అనే ఇంజనీరు వచ్చాడు. సెప్టెంబరు నెల, మంగళవారం. మర్యాదస్తుడు, కానీ వచ్చిన దగ్గర్నుంచీ కళ్ళు కిటికీ మీదే, పొగమంచు కమ్మితే విమానం ఎగరదని. ఫోను గదిలో ఉన్న కంప్యూటర్లోనూ, సున్వా గదిలో ఉన్నదాంట్లోనూ ప్రోగ్రాం ఎక్కించాడు. తెరవబోతే తెర మీద ముచ్చటైన ఫారో భాషలో హెచ్చరిక వచ్చింది: సిస్టం ఫైలు ఒకటి కనబడటం లేదు, ప్రోగ్రాం తెరవడం కుదరదు.

"బాగుంది," అంది సున్వా. "కనీసం కుదరదన్న మాటైనా మా భాషలో చెప్పింది."

ప్రెబెన్ నవ్వలేదు. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అదే. గడియారం చూసుకున్నాడు. సంచీలోంచి డేనిష్ సీడీ తీసి, అదే పేరుతో ఉన్న ఫైలు దాంట్లోంచి తెచ్చి సిస్టం ఫోల్డర్లో పడేశాడు. హెచ్చరిక పోయింది, ప్రోగ్రాం తెరుచుకుంది. 'గొర్రె' అని కొడితే గొర్రె పేరున్న నలభై గుంటలూ రాళ్ళూ వరసగా వచ్చాయి.

"చూశారా!" అన్నాడు. మార్నర్ చప్పట్లు కొట్టాడు. ప్రెబెన్ కాగితం మీద సంతకం పెట్టించుకుని కారెక్కేశాడు.

మర్నాడు పొద్దున్న సున్వా తన పేర్లు ఒక్కొక్కటే కొట్టి చూడటం మొదలుపెట్టింది. పలకని అక్షరం ఉన్న మొదటి పేరు దగ్గరే 'లేదు' అంది ప్రోగ్రాం. రెండోదీ లేదు. చిట్టా మొత్తం తెరిచి చూస్తే పేరు అక్కడే ఉంది, నిక్షేపంగా ఉంది. వెతకమంటే మాత్రం కనబడదు. మధ్యాహ్నానికి లెక్క తేలింది: వెయ్యీ నూటపద్దెనిమిది పేర్లు, ఉండీ లేనట్టే.

కోపెన్‌హాగన్‌కి ఫోను చేసింది.

"ఏ అక్షరం అన్నారు?" అన్నాడు ప్రెబెన్.

చెప్పింది.

"అది మీరు పలకరు కదండీ?"

"పలకం."

"పలకని అక్షరం కోసం ఇంత గొడవా?"

"మీ ఇంటిపేరులో రెండక్షరాలు మీరు పలకరు. తీసేయమంటారా?"

ఆయన చూస్తానన్నాడు.

సున్వా ఆగలేదు. ప్రోగ్రాంతో వచ్చిన పెట్టె తెరిచింది. అందులో సీడీలు రెండున్నాయి. ప్రెబెన్ మొదటిది మాత్రమే వాడాడు, రెండోదాని మీద చుట్టిన పలచటి ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. విప్పి చూసింది. లోపల నాలుగో ఫోల్డర్లో, డేనిష్ ఫైలు పేరుతోనే, దానికంటే కాస్త పెద్దదిగా ఇంకో ఫైలు కూర్చుని ఉంది. అక్షరాలకి వరస చెప్పే ఫైలు అది, ప్రోగ్రాం పేర్లు వెతికేది ఆ వరస చూసుకునే. సున్వాకి కంప్యూటర్ చదువు లేదు, కానీ పన్నెండేళ్ళు పేర్లని వరసలో పెట్టిన మనిషి, వరస అంటే ఏమిటో తెలుసు. పాత ఫైలుకి వేరే పేరు పెట్టి పక్కన ఉంచింది. కొత్తది సిస్టం ఫోల్డర్లోకి చేర్చి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వెలిగించింది.

వెయ్యీ నూటపద్దెనిమిది పేర్లూ వచ్చాయి.

కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వింది. గదిలో ఎవరూ లేరు. తరవాత ఫోను గదిలోకి వెళ్ళి అక్కడి కంప్యూటర్‌కీ అదే వైద్యం చేసింది. చేసిందంతా అరపేజీలో రాసి మార్నర్ బల్ల మీద పెట్టింది. అక్కడే తప్పు చేశానని తరవాత చాలాకాలం అనుకుంది, చేసినందుకు కాదు, రాసినందుకు.

మార్నర్ ఆ కాగితాన్ని కంపెనీకి ఫాక్స్ చేశాడు, మా వాళ్ళు ఎంత చురుకైనవాళ్ళో చూడండి అన్నట్టు. గురువారం ప్రెబెన్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. పావుగంట తరవాత మార్నర్ సున్వాని పిలిచాడు.

"సిస్టం ఫోల్డర్లో మన చెయ్యి పడితే వాళ్ళకి బాధ్యత లేదట. ఒప్పందంలో ఉందట."

"పని చేస్తోంది కదా మార్నర్."

"చేస్తోంది. రేపు ఇంకేదైనా ఆగిపోతే? నువ్వు వేలు పెట్టావు కాబట్టే ఆగిందంటారు. ఎలా ఉందో అలా పెట్టెయ్. సరైన ఫైలు వాళ్ళే పంపుతారు, మూడు నాలుగు వారాల్లో."

"సరైన ఫైలు ఇదే. వాళ్ళ పెట్టెలోదే."

"కావచ్చు. వాళ్ళ చేత్తో రావాలి."

"ఈలోగా గొర్రెల్ని దించే రోజులొస్తాయి. కొండల నిండా మనుషులుంటారు."

మార్నర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పన్నెండేళ్ళ కిందట నీ పేర్లు లేకుండా మనం ఎవర్నీ వెతకలేదా సున్వా? నువ్వు లేకపోతే ఈ కేంద్రం మూతపడుతుందా?"

ఆ మాట ఆమెకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఊళ్ళోవాళ్ళ వేళాకోళమంతా ఒక్కసారి చెవిలో మోగింది. లేచి నిలబడింది.

"మరి ఎల్స్‌బాకి ఎవరు చెబుతారు? ఫోను దగ్గర ఉండేది తను."

"నేను చెబుతాలే. ఆ అక్షరమున్న పేరేదైనా వస్తే నిన్ను అడగమంటాను."

సున్వా ఫోను గదిలోకి వెళ్ళింది. ఎల్స్‌బా భోజనానికి వెళ్ళింది, కుర్చీ మీద ఆమె ఊలు చొక్కా ఉంది. మంచి ఫైలు తీసేసి, పక్కన దాచిన డేనిష్ ఫైలుని మళ్ళీ దాని చోట్లో పెట్టింది. నాలుగు నిమిషాల పని. తన గదిలో కంప్యూటర్ని మాత్రం ముట్టుకోలేదు. ఆ మాట మార్నర్‌కి చెప్పనూ లేదు.

అక్టోబరులో రెండో శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. సున్వాకి సెలవు, ఇంట్లో కిటికీ చట్రాలకి రంగు వేసుకుంటోంది. ఎదురు దీవిలో గొర్రెల్ని కిందికి తోలుతున్నారు. తూర్పు వాలు మీద యాల్గ్రిమ్, ఆయన మేనల్లుడు త్రోండుర్, ఇద్దరే. పొగరుబోతు పొట్టేలు ఒకటి గుంపు విడిచి చీలికలోకి దిగింది. పెద్దాయన దాన్ని కొమ్ములు పట్టి లాగబోయి, దానితో పాటే జారి, మూడు నిలువుల కింద ఒక అరుగు మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. పొట్టేలు మాత్రం లేచి దులుపుకుని పైకెక్కి వచ్చింది.

త్రోండుర్ సెల్‌ఫోను తీసి కేంద్రానికి చేశాడు. గాలి, వాన, మంచు కలిసి కొడుతున్నాయి.

"మామ పడిపోయాడు! బ్రయా చీలికలో! పడవ పంపండి, కింద నుంచి అయితేనే అందుతాడు!"

"ఏ వైపు?" అంది ఎల్స్‌బా.

మాట సగంలో ఫోను చచ్చిపోయింది. మళ్ళీ మళ్ళీ చేసినా పలకలేదు.

ఎల్స్‌బాకి ముప్పై రెండేళ్ళు, తెలివైన పిల్ల, ఐదేళ్ళుగా ఆ కుర్చీలో ఉంది. 'బ్రయా' అంటే వెడల్పైనది. దాన్ని పలకని అక్షరంతోనే రాస్తారు. అలాగే రాసింది. 'లేదు' అంది ప్రోగ్రాం. తను తప్పు కొట్టిందేమోనని మళ్ళీ కొట్టింది. లేదు. ముసలివాళ్ళు పెట్టిన పేర్లు ఎలా రాస్తారో ఎవరికి తెలుసు, అనుకుని ఆ అక్షరం తీసేసి కొట్టింది. ఒకే ఒక్క పేరు వచ్చింది. ఎదురు దీవిలోనే, ఉత్తర కొస మీద. చెవికి రెండూ ఒకటే. ఒక్కటే కనబడింది కాబట్టి అనుమానం రాలేదు. ప్రాణం కుదుటపడి పడవని ఉత్తర కొసకి పంపింది.

ఆ అలల్లో ఉత్తర కొసకి వెళ్ళడానికి గంట పైనే పట్టింది. చీలికంతా దీపాలేసి వెతికారు, కేకలేశారు. పక్షులు తప్ప ఏమీ లేవు. ఇంకో గంట పోయాక పడవ సరంగు రేడియోలో అడిగాడు: "ఎల్స్‌బా, ఇదేనా చోటు? ఇక్కడ ఈ ఏడు గొర్రెలే మేయలేదు, పెంటిక కూడా లేదు."

అప్పుడు ఎల్స్‌బా సున్వా ఇంటికి ఫోను చేసింది.

"బ్రయా చీలిక ఎక్కడుంది సున్వా?"

"తూర్పు వాలు. పెద్ద అరుగు పక్కన. ఏమైంది?"

"ఇందులో ఉత్తర కొస అని ఉందే!"

సున్వా చేతిలో రంగు కుంచె అలాగే ఉంది. "నీకు మార్నర్ చెప్పలేదా?" అంది.

"ఏం చెప్పాలి?"

పడవ తూర్పు వాలు కిందికి చేరేసరికి ఆయన పడి మూడు గంటల పది నిమిషాలైంది. త్రోండుర్ తన కోటు తాడుకి కట్టి కిందికి దించాడట, అది ఆయన చేతికి అందలేదట.

యాల్గ్రిమ్ బతికే ఉన్నాడు. ఆస్పత్రిలో ఆరో రోజున, ఇంటివాళ్ళనే కాక బయటివాళ్ళని కూడా లోపలికి రానిచ్చాక, సున్వా వెళ్ళింది. తొడకి కట్టు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. గొంతులో గురగుర.

"రా అమ్మాయ్," అన్నాడు. "ఆ వెధవలు ఉత్తరానికెందుకు పోయారు? ఆ పేరు నీకు నేను చెప్పలేదూ?"

"చెప్పావు మామా."

"రాసుకోలేదా?"

"రాసుకున్నాను. సరిగ్గానే రాసుకున్నాను."

"మరి?"

ఫైలు అంటే ఆయనకి తెలియదు. పటం లాంటిదొకటి అందులో ఉంటుందనీ, అది తప్పుదైతే పేరు ఉన్నా కనబడదనీ, తను దాన్ని బాగుచేశాననీ చెప్పింది. తరవాత బాగుచేసినదాన్ని మళ్ళీ పాడుచేశానని కూడా చెప్పింది. ఆ మాట చెప్పకుండా లేచి వచ్చేయాలని ఒక్క క్షణం అనిపించింది, కానీ ఆయన కళ్ళు ఆమె మీదే ఉన్నాయి.

"ఎవరు పెట్టమన్నారు?"

"మార్నర్."

"వాడొచ్చి పెట్టాడా?"

"లేదు. నేనే పెట్టాను."

యాల్గ్రిమ్‌కి దగ్గు వచ్చి తగ్గింది.

"తప్పని తెలిసే పెట్టావు."

"తెలిసే పెట్టాను."

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. "నీళ్ళు ఇలా అందించు," అన్నాడు, తాగాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ఇంకో అరగంట కూర్చుంది. మళ్ళీ ఇటు తిరగలేదు. తొమ్మిదో రోజు పొద్దున్న పోయాడు.

విచారణ జరిగింది. మూడు పేజీల నివేదిక. ఒక సిబ్బంది మనిషి అనుమతి లేకుండా సిస్టం ఫైళ్ళని పదేపదే మార్చడం వల్ల ప్రోగ్రాం నమ్మదగిన స్థితిలో లేదని ఒక వాక్యం. ఫోను అందుకున్న మనిషి చోటుని రెండోసారి నిర్ధారించుకోలేదని ఇంకో వాక్యం. కంపెనీ గురించి ఉన్నది ఒకటే మాట, సహకరించిందని.

"నేను రాసిన అరపేజీ దీనికి జతచెయ్యి మార్నర్," అంది సున్వా.

"వెతికించాను. ఫైల్లో లేదు."

"నువ్వే కంపెనీకి పంపావు."

"వాళ్ళ దగ్గరా లేదట. నీ దగ్గర నకలు ఉంటే తీసుకురా."

నకలు లేదు. పన్నెండేళ్ళు ప్రతి చిత్తుకాగితం దాచిన మనిషి ఆ ఒక్కటీ దాచుకోలేదు. మార్నర్ మొహంలో సంతోషం లేదు, ఆ సంగతి చెప్పాలి. పదిహేను రోజుల్లో సగం మనిషయ్యాడు. కానీ మాట మాత్రం మార్చలేదు.

జనవరిలో కంపెనీ నుంచి కవరు వచ్చింది. ఒక ఫ్లాపీ, ఒక ఉత్తరం. మా పరీక్షల్లో మేము గమనించిన చిన్న లోపానికి సవరణ పంపుతున్నాం, అని. ఎక్కించడం వచ్చినవాళ్ళు కేంద్రంలో సున్వా తప్ప ఎవరూ లేరు. మార్నర్ కవరు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సున్వా ఫ్లాపీలో ఉన్న ఫైలుని రెండో సీడీలో ఉన్న ఫైలు పక్కన పెట్టి చూసింది. తేదీ అదే, కొలత అదే, ఒక్క అక్షరం తేడా లేదు. ఫోను గదిలోకి వెళ్ళి ఎక్కించింది.

"అయిపోయిందా?" అన్నాడు మార్నర్.

"అయిపోయింది."

"ఇంతేనా?"

"ఇంతే. కావాలంటే పత్రికవాళ్ళని పిలుచుకో."

అప్పటికి ఫోను దగ్గర వేరే మనిషి ఉంది. ఎల్స్‌బా నవంబరులోనే మానేసింది. రేవు చివర చేపలు కోసే ఫ్యాక్టరీలో చేరిందని తెలుసు కానీ, సున్వా ఆ వైపు వెళ్ళలేదు. మార్చి నెలలో సహకార దుకాణంలో బంగాళాదుంపల దగ్గర ఎదురుపడింది. చేతులు ఉప్పునీటికి ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఫైలు వచ్చింది, జనవరిలో," అంది సున్వా. ఇంకేం మాట్లాడాలో తోచలేదు. "నేను పెట్టిందే. అచ్చం అదే. అన్నీ మార్నర్ వల్లే ఎల్స్‌బా. నీకు చెబుతానని నాకు మాటిచ్చాడు."

ఎల్స్‌బా దుంపలు ఏరుకుంటూనే ఉంది. "మార్నర్ సంగతి నాకు తెలియదా? ఇంటికి పోతే పెళ్ళానికి వానొస్తోందని చెప్పడం కూడా మరిచిపోయే మనిషి. ఆ సంగతి నీకూ తెలుసు."

"తెలుసు."

"నీ గదికీ నా గదికీ మధ్య ఒక గోడే. రోజుకి రెండుసార్లు కాఫీ నీ ఫ్లాస్కులోంచే తాగేదాన్ని. మూడు వారాలు, సున్వా. ఒక్కసారైనా తల లోపలికి పెట్టి, ఇదిగో, ఆ అక్షరం నమ్మకు అనలేకపోయావా?"

సున్వా నోరు తెరిచింది. మార్నర్ మీద అలిగానని చెప్పాలి. నేను లేకపోతే ఏమవుతుందో వాళ్ళకే తెలుస్తుందిలే అనుకున్నానని చెప్పాలి. అలా అనుకున్నట్టు ఆ క్షణం దాకా తనకే తెలియదు. తెలిశాక ఆ మాట బయటికి రాలేదు.

"కోపంతో అడగట్లేదు," అంది ఎల్స్‌బా. "రోజూ చేపలు కోస్తూ అదే ఆలోచిస్తాను. జవాబు ఉంటే చెప్పు."

ఎల్స్‌బా కాసేపు చూసి, సంచీ తూకానికి ఇచ్చి, కోటు టోపీ తల మీదికి లాక్కుని బయటికి వెళ్ళిపోయింది. దుకాణం మనిషి సున్వాని రెండుసార్లు అడిగాడు, మీకేం కావాలని.